దానంతటదే మొలిచే తంగేడు కోసం మూడు రోజులు

యాత్రలకు వెళ్లొచ్చినవాళ్లు మామూలుగా మంచుకొండల గురించో, సముద్రాల గురించో రాస్తారు. నేను వెళ్లింది మిర్యాలగూడకు, కోదాడకు. సూర్యాపేటలో ఉండేవాడెవడూ ఈ రెండు ఊళ్లకు పోయిరావడాన్ని యాత్ర అనడు, పని అంటాడు. మాది పని కూడా కాదని దారిలో కలిసిన ప్రతివాళ్లూ చెప్పారు. మేం పోయింది తంగేడు గింజల కోసం.

బోడగుట్ట

మా ఊరు సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే దిక్కున ఉంటుంది. ఊరి వెనక బోడగుట్ట. ఆ పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదు. ఎర్ర మొరం, రాళ్లు, ఎండ తప్ప దాని మీద ఏమీ ఉండవు. కొన్నేళ్లుగా ఏటా కరువు పని కింద దాని మీద గుంతలు తీస్తారు. ఏటా లారీలో మొక్కలు దిగుతాయి. ఏటా సంక్రాంతిలోపే ఎండిపోతాయి. మళ్లీ వానాకాలానికి అవే గుంతల్లో కొత్త మొక్కలు. గుట్ట మీద బాగా నిలదొక్కుకున్నవి గుంతలే.

మల్లయ్య మామ మా ఊరి గొర్ల సంఘం పెద్ద. మాకు చుట్టరికం లేదు, ఊళ్లో అందరికీ ఉండే వరసే ఉంది. మామూలప్పుడు నన్ను 'అల్లుడూ' అంటాడు. నేను తెలివితక్కువ మాట అన్నప్పుడు 'సారూ' అంటాడు. సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతుకుతాను కాబట్టి ఆ రెండో పిలుపు కూడా నాకు అలవాటే.

2011 వేసవిలో ఊరికొక కబురు వచ్చింది. గుట్ట మీద ఏమీ మొలవడం లేదు గనక అది పనికిరాని భూమి. పనికిరాని భూమిని ఊరికే ఉంచకూడదు గనక మిర్యాలగూడ రైసు మిల్లుల బూడిద పోసుకోవడానికి ఇస్తారు. అయితే ప్రభుత్వానికి దయ లేకపోలేదు. వానాకాలం చివర ఒక సారు వచ్చి చూస్తాడు. పచ్చగా ఉంటే గుట్ట ఊరిది. బోడిగా ఉంటే బూడిదది.

"వానకాలం నాలుగు నెలలు చేన్లన్నీ పంటలుంటయి. గొర్లను యాడ తోలాలె? గీ గుట్టొక్కటే ఉన్నది," అన్నాడు మల్లయ్య మామ. "గిది పోతే మంద అమ్ముకునుడే."

తంగేడు వేద్దామని ఏడాది ముందు నుంచే అంటున్నది నేనే. అది ఈ నేలలో పుట్టిన పొద. నీళ్లడగదు. గొర్రె తినదు, మేక తినదు. గొర్లకాపరికి గొర్రె తినని మొక్క ఎందుకని ఊళ్లో నవ్వితే మామే సర్దిచెప్పాడు: "తినదు గాబట్టే మిగుల్తది. అది నిలబడితే మన్ను నిలబడ్తది. దాని నీడకు గడ్డి లేస్తది. గడ్డి తింటది గదా గొర్రె!" నేను పుస్తకం చూసి ఒక గంట చెప్పిన సంగతి ఇదే.

అంతకు ముందటి ఏడే దొరికిన గింజలన్నీ నా పద్ధతిలో ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి గుట్టంతా చల్లించాను. ఒక్కటీ మొలవలేదు. మామ చాలా రోజులు నన్ను 'సారూ' అన్నాడు. ఇప్పుడు చుట్టుపక్కల గింజ లేదు. కొత్త రోడ్డు పనిలో పొదలు పోయాయి, మిగిలినవాటి మీద కాయ నేను ముందే కోయించి వృథా చేశాను. మాడుగులపల్లి అవతల తంగేడు బాగా ఉందని ఎవరో చెప్పారు. మృగశిర కార్తె దగ్గర పడింది. ఇద్దరం ఒక ఖాళీ గోనెసంచి చంకన పెట్టుకుని బయలుదేరాం.

సూర్యాపేట: ఏ కంపెనీ?

ఊరి నుంచి ముందు వెనక్కి, సూర్యాపేటకు పోయాం. విత్తనాల షాపులో అడిగి చూస్తే దారి కలిసొస్తుందేమోనని నా ఆశ. పత్తి విత్తనాల కాలం. షాపు ముందు పాసుపుస్తకాలు పట్టుకుని రోడ్డు దాకా లైను. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

"ఏం గావాలె సారూ?"

"తంగేడు గింజలు."

షాపాయన తల ఎత్తలేదు. "ఏ కంపెనీది?"

"కంపెనీ లేదండీ. మామూలు తంగేడు."

అప్పుడు తల ఎత్తాడు. "కంపెనీ లేని ఇత్తనం అమ్మితే లోపలేస్తరు సారూ. అయినా తంగేడు కొనుడేంది? దానంతటదే మొలుస్తది గదా!"

"మా గుట్టకు గా సంగతి తెల్వదు," అన్నాడు మల్లయ్య మామ.

మేం లైను దాటి వచ్చామో లేదో తువాల చుట్టుకున్న రైతొకాయన మా వెనకే పరిగెత్తుకొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, గీ తంగేడంటే కొత్త రకమా? ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు ఎల్తది?"

"పత్తి కాదు, తంగేడే," అన్నాను.

"గట్లనే అంటరు మీరు," అని నావైపు బాధగా చూశాడు. "మంచి ఇత్తనం దొరికితే ఎవలూ చెప్పరు." పోతూ పోతూ నా గోనెసంచి మీద ఏమైనా పేరుందేమోనని తిప్పి చూసి మరీ పోయాడు. ఆ ఏడు ఆయన ఎన్ని షాపుల్లో తంగేడు అడిగాడో తెలియదు.

బూడిద లారీ

మిర్యాలగూడ బస్సు మా ఊరు దాటాక టైరు పంక్చరై ఆగింది. మారుద్దామంటే స్టెప్నీ కూడా పంక్చరే. తెల్లారి నుంచీ అది అట్లాగే ఉందని కండక్టరు ధైర్యం చెప్పాడు. దిగి చెయ్యెత్తితే ఖాళీ లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పేరు యాదగిరి, మనిషి కనుబొమ్మల దాకా బూడిద రంగు. ఎక్కాక మా బట్టలూ ఆ రంగుకే వచ్చాయి.

"ఏం లోడు తమ్మీ?" అడిగాడు మామ.

"బూడిద పెద్దాయనా. మిల్లులల్ల ఊక కాలుస్తరు గదా, గది. ఇటుక బట్టీలకు ఏసొస్తున్న. బట్టీలోళ్లు గూడ వద్దంటున్నరిప్పుడు."

"మిర్యాలగూడల పోస్కోరాదు?"

యాదగిరి నవ్వాడు. "గాడ జాగేది? ఎటు సూసినా నీళ్లు, నాట్లు. పొలం గట్టు మీద తట్టెడు పోసినా కొట్టొస్తరు. మా సేటు గీ దిక్కు ఒక గుట్ట సూసిండట. ఖాళీ గుట్టనట. వానకాలం పోంగనే మనదేనన్నడు. గప్పుడు నాకు డీజిలు గూడ కలిసొస్తది."

నేను కిటికీ బయట ఉన్న ప్రకృతిని శ్రద్ధగా చూశాను. మామ డ్రైవరు వైపు తిరిగాడు.

"ఖాళీగనే ఉన్నదా గుట్ట? మంచిగ సూసిండా మీ సేటు?"

"ఏముంటది పెద్దాయనా, రాళ్లు."

"గొర్లు లేవా?"

"గొర్లు గుట్ట మీదుంటే గుట్ట ఖాళీ కాకుండ అయితదా?" అన్నాడు యాదగిరి. మనిషి మంచివాడు. మిర్యాలగూడలో దిగేటప్పుడు కిరాయి తీసుకోనన్నాడు. ఎందుకు వచ్చామని అడిగితే తంగేడు గింజల కోసమని చెప్పాను. "గదెందుకన్నా, దానంతటదే మొలుస్తది," అని హారన్ కొట్టి పోయాడు.

మిర్యాలగూడ

మా వైపు పొద్దున లేవగానే జనం ఆకాశం చూస్తారు. మిర్యాలగూడలో కాలువ చూస్తారు. టీ కొట్టు దగ్గర నేను వాన మాట ఎత్తితే, పక్కింటివాళ్ల గొడవ ఎత్తినట్టు ముఖం పెట్టారు. వాళ్ల మాటలన్నీ సాగర్ నీళ్లు ఏ తారీఖున వదులుతారనే. అక్కడ తంగేడు గురించి అడగడమంటే పెళ్లింట్లో గంజి అడగడమే. అయినా అడిగాం. గట్ల మీద ఉన్నవన్నీ ఎప్పుడో పీకేశామని గర్వంగా చెప్పారు.

స్టేషను దగ్గర మెస్సులో భోజనం నలభై రూపాయలు. అన్నం ఎంతంటే అంత. మల్లయ్య మామ జొన్నరొట్టె ఉందా అని అడిగాడు. వడ్డించే మనిషి ఒక క్షణం ఆలోచించి, "ఆరోగ్యం మంచిగ లేదా?" అని అడిగి, సానుభూతితో ఇంకో గరిటె పప్పు వేశాడు. ఊరి నిండా వడ్ల లారీలే, అన్నం మాత్రం చల్లగానే ఉంది.

తిని నడుస్తుంటే ఊరి చివర మిల్లుల వెనక గుట్ట కనిపించింది. నల్లటి గుట్ట, పైనుంచి సన్నగా పొగ. మామ ఆగిపోయాడు.

"అల్లుడూ, వీళ్లకు గూడ గుట్టున్నది గదా?"

"అది బూడిద మామా."

తువాల తీసి ముఖం తుడుచుకున్నాడు. తువాల నల్లగా అయింది. "గింత పెద్దగనా?" అన్నాడు. ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్ర పట్టింది. ఆయన సంగతి అడగలేదు.

మాడుగులపల్లి

రెండోరోజు పొద్దున్నే మాడుగులపల్లి దగ్గర దిగి, రోడ్డు వెంట నడిచాం. తంగేడు నిజంగానే ఉంది. కాయ మాత్రం లేదు. పొద తర్వాత పొద చూసుకుంటూ నేను ఫలదీకరణ లోపం గురించి మామకు చెప్తుంటే, చర్చి అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకరు పిలిచారు. పేరు దేవదానం. తలపాగా తెల్లగా, చేతులు మాత్రం చెట్టు బెరడులా ఉన్నాయి.

"ఏం దేవులాడుతున్నరు అయ్యా?"

చెప్పాం. ఆయన 'దానంతటదే మొలుస్తది' అనలేదు. మొత్తం ప్రయాణంలో అనని మనిషి ఆయనొక్కడే.

"రోడ్డు పక్కవి బతుకమ్మకు పోతయి బిడ్డా. పువ్వంత తెంపుకపోయినంక కాయేడికెల్లి వస్తది? కాయ గావాల్నంటే ఆడోళ్లు పోని జాగకు పోవాలె. వాగవతల మొరం దిబ్బలున్నయి, పా."

మామ నావైపు చూశాడు. "ఫలదీకరణ లోపమంటిరి సారూ."

దేవదానం ముందు నడిచారు, కర్ర లేకుండా. తంగేడుతో ఆయన పరిచయానికి మా ఇద్దరి వయసులు కలిపినా సరిపోవు. తంగేడు చెక్క, అంటే బెరడు, ఊరేసిన నీళ్లలో తోళ్లు నానబెట్టి పదును చేసేవారట. చుట్టుపక్కల ఎడ్లతో మోట కొట్టే ప్రతి బావికీ ఆయన చేతి తోలు బొక్కెనలే.

"కరెంటు మోటర్లొచ్చినయి, మా బొక్కెన ఖతం. గని నా బొక్కెన ఏనాడు కాలిపోలే. మోటరు నెలకోపారి కాల్తది," అన్నారు. కొడుకు టీచరట. తోలు పని మాట ఇంట్లో ఎత్తొద్దంటాడట. "ఎత్తొద్దంటే నా చేతులు యాడ దాయాలె?"

వాగవతల పొదల నిండా కాయలు, గోధుమరంగులో, కదిలిస్తే గలగలమంటూ. మధ్యాహ్నం దాకా కోశాం. నేను రెండుసార్లు జారి, ఒకసారి రేగుకంపలో కూర్చున్నాను. పంతులు కూర్చుంటే కంప విరిగిందని ఇద్దరు పెద్దమనుషులూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆయన ఇంటి నుంచి జొన్న గటక, మామిడికాయ తొక్కు తెప్పించారు. చెట్టు కింద కూర్చుని కాయలు దంచి, చెరిగి, గింజలు సంచిలో పోశాం. చిన్నచిన్న గోధుమరంగు గింజలు, బల్లపరుపుగా. సంచి అడుగున నాలుగు మానికలు తేలాయి.

"మొలిపిచ్చుడు ఎట్ల తాతా?" అడిగాడు మామ.

"మేం చెక్క ఒలిచినోళ్లమే గని మొలిపిచ్చినోళ్లం గాదు. ఒక్కటి సూసిన. ఎండకాలం గడ్డికి నిప్పు అంటుకుని దిబ్బ కాలిందనుకో, ఆ ఏడు మొదటి వానకు తంగేడు దుబ్బలు దుబ్బలు లేస్తది."

నిప్పు తగిలితే గింజలోని పిండం చచ్చిపోతుందని ఆయనకు శాస్త్రీయంగా వివరించాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నారు. చివర్లో, "చదువుకున్నోళ్లు, మీకెరికె," అన్నారు.

కోదాడ

కోదాడలో మాకేం పనిలేదు. మల్లయ్య మామ చెల్లెలు సత్తెమ్మను అక్కడిచ్చారు. ఇంత దూరం వచ్చి ఆమె ఇంటికి పోకపోతే వచ్చే ఏడు దాకా ఫోన్లో తిట్లు. హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోతుంటే నాపరాళ్ల కంచెలు మొదలయ్యాయి, మాట మారింది, కూరలో కారం మారింది. సత్తెమ్మ సూర్యాపేట పిల్లే గానీ కోదాడ నీళ్లు ఇరవై ఏళ్లుగా తాగుతోంది.

"ఏంటన్నయ్యా, ఇంత నల్లబడ్డావ్! బూడిదలో దొర్లావా?"

"లారీల దొర్లిన," అన్నాడు మామ.

అలసటతో తిని పడుకున్నాం. సంచి వంటింటి గడప దగ్గర పెట్టాం. అదే పొరపాటు.

మూడోరోజు తెల్లారి పళ్లు తోముకుంటుంటే సత్తెమ్మ గొంతు వినిపించింది.

"అన్నయ్యా, ఎక్కడ కొన్నావయ్యా ఈ ఉలవలు? ఎవడో బాగా మోసం చేశాడు నిన్ను. ఉలవచారు కాద్దామని రాత్రి మీరు పడుకోగానే సలసల మరిగే నీళ్లు పోసి నానబెట్టా. తెల్లారినా సగం గింజలు రాళ్లలాగే ఉన్నయ్. వాసన కూడా ఏదోలా ఉంది."

నేను నోట్లో నురగతోనే పరిగెత్తాను. పెద్ద గిన్నె. అందులో మాడుగులపల్లి. సంచిలో ఒక్క గింజ లేదు. అన్నయ్య ఊరికి పట్టుకుపోవడానికి కూడా చారు కాద్దామని మొత్తం పోసేసింది, ప్రేమగల మనిషి.

"అవి ఉలవలు కాదమ్మా, తంగేడు గింజలు," అన్నాను.

"తంగేడా?" సత్తెమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "తంగేడు గింజలు సంచిలో పోసి చెల్లెలింటికి తెచ్చేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? అది దానంతటదే మొలుస్తదిగా!"

మల్లయ్య మామ గడప మీద కూలబడ్డాడు. తువాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మిర్యాలగూడ నల్లగుట్ట దగ్గర కూడా ఆయన అట్లా కూర్చోలేదు. "ఖతం," అన్నాడు. "ఇగ మంద అమ్ముడే. సత్తీ, నీ తప్పేం లేదు తీ."

మరిగే నీళ్లలో పిండం బతకదని నేను కూడా ధ్రువీకరించాను. ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. సత్తెమ్మ నన్ను గిన్నెతో కొట్టబోయి ఆగింది.

మామ లేచాడు. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక గింజ తీశాడు. గొర్రెపిల్ల కన్ను చూసినట్టు దగ్గరగా పెట్టి చూశాడు. గోటితో నొక్కాడు. పొట్టు పగిలింది. లోపల లేత ఆకుపచ్చ.

"సారూ," అన్నాడు, "సచ్చిపోతే పచ్చగుంటదా?"

ఇంకోటి తీశాడు. ఇంకోటి. సగం పైగా ఉబ్బి ఉన్నాయి. నేను పోయినేడు చన్నీళ్లలో పెట్టినప్పుడు ఒక్క గింజ కూడా ఉబ్బలేదని అప్పుడు గుర్తొచ్చింది. గట్టి పొట్టు, వేడి తగిలితేనే నీటిని లోపలికి రానిస్తుంది. మాడుగులపల్లిలో ఒక పెద్దాయన ఈ సంగతే చెప్తే ఆయనకు నేను పాఠం చెప్పి వచ్చాను.

"దేవదానం తాత చెప్పిండు గదా, నిప్పు," అన్నాడు మామ.

"చెప్పారు," అన్నాను. ఆ రోజు నేనన్న శాస్త్రీయమైన మాట అదొక్కటే.

బస్సులో తడిమూట

ఉబ్బిన గింజ ఆగదు. ఆ రోజే మట్టిలో పడాలి. సత్తెమ్మ తన పాత చీర తడిపి మూట కట్టి ఇచ్చింది. "ఈసారి వచ్చేటప్పుడు ఉలవలే తీసుకురా అన్నయ్యా," అని బస్టాండు దాకా వచ్చి చెప్పింది. సూర్యాపేట బస్సులో మామ మూటను ఒళ్లో పెట్టుకున్నాడు, దవాఖాన నుంచి పసిబిడ్డను తెచ్చినట్టు. నీళ్లు కారి కండక్టరు చెప్పు తడిసింది.

"ఏందది?"

నేను నోరు తెరిచేలోపే మామ, "ఉలవలు," అన్నాడు. కండక్టరు తృప్తిగా పోయాడు. మూడు రోజుల్లో మా సమాధానం విని ఇంకో ప్రశ్న అడగని మనిషి ఆయనొక్కడే.

ఊళ్లో ముందురోజు సాయంత్రమే మొదటి వాన పడిందట. గుట్ట తడిగా ఉంది. గొర్ల సంఘం మొత్తం వచ్చింది. పాత గుంతల్లో, వాటి మధ్యన గింజలు చల్లాం. ఆ తర్వాత మామ నన్ను పక్కకు నిలబెట్టి మందను గుట్ట మీదకు తోలాడు. వందల గిట్టలు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. గింజలన్నీ మట్టిలో దిగబడ్డాయి. గొర్రె తినని మొక్కను గొర్రెలే నాటాయి.

పదో రోజుకు మొలకలు కనిపించాయి. నేను లెక్క పెట్టబోతే మామ ఆపాడు: "దిష్టి తగుల్తది."

సారు వచ్చినరోజు

వానాకాలం చివర జీపు వచ్చింది. కుర్ర ఆఫీసరు, మర్యాదస్తుడు, చేతిలో ఫారం. గుట్ట నిండా మోకాలెత్తు తంగేడు, వాటి మొదళ్లలో సన్నటి గడ్డి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. జేబులో రెండు పేజీల ప్రసంగం: గింజల సేకరణ, ఉష్ణ శుద్ధి, మంద తొక్కించే పద్ధతి.

ఆయన చుట్టూ చూసి కనుబొమ్మలు ముడిచాడు. "ఇది తంగేడు కదా? ఎవరు నాటారు?"

నేను జేబులో చెయ్యి పెట్టాను.

"నాటింది అయితే చిక్కు," అన్నాడు ఆయన ఫారం తిరగేస్తూ. "నాటిన మొక్కల పట్టికలో తంగేడు లేదు. పట్టికలో లేనిది నాటితే అనుమతి లేని పని కింద పోతుంది, మళ్లీ పైకి రాయాలి. అయినా తంగేడు ఎవరైనా నాటుతారా? దానంతటదే మొలుస్తుంది. అట్లా మొలిస్తే 'సహజంగా పెరిగిన పచ్చదనం' అని రాసి, పనికిరాని భూమి అన్నది కొట్టేస్తాను."

గుట్ట మీద గొర్లు మేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మల్లయ్య మామ నా వైపు చూడలేదు. నా చెయ్యి జేబులోంచి బయటికి రాకుండా మోచెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"అవు సారూ," అన్నాడు. "దానంతటదే మొలిసింది. మేమేడికీ పోలే. ఏం తేలే."

ఆఫీసరు కొట్టేసి, సంతకం పెట్టి, టీ తాగి పోయాడు.

జీపు కనుమరుగయ్యాక నేను ప్రసంగం తీసి మడత విప్పాను. "మూడు రోజులు తిరిగాం మామా. రేగుకంపల కూర్చున్న. ఒక్క ముక్క చెప్పనియ్యకపోతివి."

"రాస్కో అల్లుడూ, ఎవలొద్దన్నరు? దేవదానం తాత పేరు మాత్రం మర్వకు," అన్నాడు. "గని గా సారు బదిలీ అయినంక రాయి."

ఆ సారుకు పోయిన నెల బదిలీ అయింది.